ఆఖరి రంగం కోసం వెల్లింగ్టన్ దాకా

న్యూజిలాండ్ దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్ నుంచి వెల్లింగ్టన్‌కి విమానం ఎక్కితే భోజనం వేళకి దిగిపోవచ్చు. నేను రెండు రోజుల దారి పట్టాను. రెండు బస్సులు, ఒక రైలు, ఆపైన సముద్రం దాటే ఫెర్రీ. ఈ దారిన ఎవరైనా వెళ్ళాలనుకుంటే పనికొస్తాయని వేళలు కూడా రాస్తున్నాను. ఈ దారి నేను వేసుకున్నది కాదు. నేను చూసుకున్న పెద్దాయన, కాన్రాడ్ అంకుల్, వణికే చేత్తో ఒక కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకున్నది. వెల్లింగ్టన్‌లో ఉన్న చెల్లెల్ని చూడడానికి ఆయన వేసుకున్న దారి. ఇద్దరూ పోయాక ఆ కాగితం పట్టుకుని నేను బయల్దేరాను.

అది 2014 అక్టోబరు, గురువారం. బస్సు ఎనిమిదీ నలభై అయిదుకి. మా ఆయన ప్రసాద్ ఎనిమిదింబావుకే కారులో తెచ్చి దింపారు. ఒళ్ళో నా బ్యాగు, పక్కన అరటిపళ్ళు వచ్చే అట్టపెట్టె ఒకటి. పెట్టె నిండా కాగితాలు. వెనక సీట్లోంచి మా అమ్మాయి జెస్సీ, "పోస్టులో పంపెయ్యొచ్చుగా మమ్?" అని ఇంగ్లీషులో అడిగింది. ప్రసాద్ మాత్రం నా మొహంకేసి చూశారు.

"బాగా ఆలోచించుకున్నావా రూతూ? ఆ చెల్లెలి కూతురు కంప్లైంట్ పెట్టిందంటే నీ జాబ్ పోద్ది."

"పెడితే పెట్టనివ్వండి," అన్నాను. పెట్టె ఎత్తుకుని దిగాను.

బస్సు ఊరు దాటి గొర్రెల బయళ్ళలో పడింది. తొమ్మిది నలభైకి గోర్. అక్కడ రోడ్డు పక్కన మనిషికంటే చాలా పెద్ద చేప బొమ్మ ఉంటుంది, ఆ ఊరికి అదే గోపురం. అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. గొర్రెల ఫారం తాలూకు మనిషి. నా కాళ్ళ దగ్గర పెట్టెని చూసి, "అరటిపళ్ళు వెల్లింగ్టన్‌లో దొరకవా?" అని నవ్వింది.

"పళ్ళు కాదండీ, నాటకాలు," అన్నాను.

"నువ్వు రాశావా?"

"కాదు. ఒక జర్మన్ జమీందారు రాశాడు. నూట యాభై ఏళ్ళయ్యుంటుంది. అన్నీ ఫెయిలే."

ఆవిడ నావైపు కొంచెం అనుమానంగా చూసి, తన సంచిలోంచి చీజ్ రోల్ తీసి సగం నాకు పెట్టింది. దక్షిణాన ఇదే మన పకోడీ. బ్రెడ్డులో చీజ్ చుట్టి కాలుస్తారు. వేడిగా ఉంటే బాగుంటుంది.

ఆవిడకి చెప్పినట్టే మీకూ చెబుతాను.

నేను ఇన్వర్‌కార్గిల్‌లో ఒక రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్ని. వృద్ధులకి స్నానాలు చేయించడం, మందులిప్పించడం, అన్నం తినిపించడం, రాత్రి పక్కలు సర్దడం మా పని. కాన్రాడ్ అంకుల్‌కి ఎనభై నాలుగు. చూపు దాదాపు పోయింది. ఇక్కడ అందరూ అందర్నీ పేరు పెట్టే పిలుస్తారు గాని, తాతగారి వయసున్న మనిషిని ఉత్తి కాన్రాడ్ అనడానికి నాకు నోరు రాలేదు. అంకుల్ అన్నాను. "ఈ వయసులో నాకింకొక మేనకోడలు దొరికింది," అని ఆయన మురిసిపోయాడు.

ఆయన ముత్తాతే ఆ జమీందారు. ఇంట్లో అందరూ బారన్ అనేవారట, నేనూ అలాగే అంటాను. బాల్టిక్ సముద్రం ఒడ్డున పెద్ద ఎస్టేటు, మూడో కొడుకు. మిలిటరీలో చేరి రెండు వేళ్ళు పోగొట్టుకుని వచ్చాడు. మిగిలిన వేళ్ళతో నాటకాలు రాయడం మొదలుపెట్టాడు. మొత్తం ఏడు రాశాడు. ఏడింట్లో ఒక్కటే పట్నం నాటకశాల గడప తొక్కింది. మొదటి ఆటకి, హీరో విషం తాగే చోట జనం పడీ పడీ నవ్వారట. బారన్ కన్నతండ్రి రెండో అంకంలోనే లేచి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడట. తండ్రీకొడుకులు ఆ తరవాత పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోలేదు. ముందు నువ్వు పలకరిస్తావా నేను పలకరించాలా అన్నదే గొడవ.

పట్నంవాళ్ళు వేయకపోతేనేం అని, బారన్ తన గడ్డివామి కొట్టంలోనే స్టేజీ కట్టించాడు. పాలేర్లూ, పాలు పితికే ఆడవాళ్ళూ పాత్రధారులు. కోతల రోజుల్లో రిహార్సల్స్ పెడితే పంట ఏమవుతుంది? ఎస్టేటు అమ్ముడుపోయింది. జీను కుట్టే దుకాణం పైన అద్దెగదిలో, నడవలేని స్థితిలో ఆఖరి నాటకం రాసి చనిపోయాడు. చిన్నకొడుకు ఓడెక్కి న్యూజిలాండ్ వస్తూ ఆ రాతప్రతుల్ని చొక్కాల మధ్య పెట్టుకుని తెచ్చాడు.

"అయితే ఆ నాటకాలు బాగుండవా?" అని అడిగింది పక్కావిడ.

నిజం చెప్పాలంటే కొన్ని బాగుండవు. పాత్రలు ఊరికే ఆవేశపడిపోతాయి. కాని రెండున్నాయి. ఒకటి హాస్యం. సన్నని వంతెన మీద ఇద్దరు జమీందారులు ఎదురుపడతారు. ఎవరు ముందు వంగి దణ్ణం పెట్టాలన్నది తేలక అక్కడే నిలబడతారు. భోజనాలు అక్కడికే వస్తాయి, ఉత్తరాలు అక్కడికే వస్తాయి, గెడ్డాలు నెరుస్తాయి. రెండోది ఆ ఆఖరి నాటకం. వేలం కాబోతున్న ఇంట్లో ఒక ముసలి దొర. తను అన్యాయం చేసినవాళ్ళందరినీ ఒక రాత్రి భోజనానికి పిలుస్తాడు. పన్నెండు కుర్చీలు వేయిస్తాడు. మూడు అంకాలు గడుస్తాయి, ఒక్కరూ రారు. సూపు చల్లారిపోతుంది. మూడో అంకం చివర ఎవరో తలుపు తడతారు. "ఎవరది?" అంటాడు దొర. అక్కడితో సరి.

"అక్కడితో సరేమిటి, వచ్చిందెవరు?"

"ఇంకొక్క రంగం ఉందండీ. అది ఇంకా ఇంగ్లీషు కాలేదు, బారన్ మంచంలో పడుకుని రాసినట్టే ఉంది. ఆ పాత జర్మన్ గొలుసుకట్టు రాత కాన్రాడ్ అంకుల్ చెల్లెలు హెల్గాకి ఒక్కదానికే చదవడం వచ్చేది. నాయనమ్మ దగ్గర నేర్చుకుందట."

ఆవిడ బాల్‌క్లూథాలో దిగుతూ, "ఎవరొచ్చారో తెలిస్తే నాకు చెప్పు," అంది. పేరూ చెప్పలేదు, నంబరూ ఇవ్వలేదు. ఎలా చెప్పడం?

పన్నెండున్నరకి డనీడిన్. మధ్యలో ముప్పావుగంట టైముంటుంది, బస్సు మారాలి. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర బెంచీ మీద కూర్చుని తిన్నాను. అక్కణ్ణుంచి క్రైస్ట్‌చర్చ్ ఆరు గంటలు. ఓమరూలో తెల్లరాతి భవనాలు కిటికీలోంచే చూశాను. ఆ ఆరు గంటలూ నేను మా షిఫ్టుల్లోనే తిరిగాను.

అప్పట్లో అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి ఆ నాటకాల్ని ఇంగ్లీషులో పెడుతున్నారు. హెల్గా వెల్లింగ్టన్‌లో కూర్చుని ముత్తాత రాతని విప్పి, ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి ఫోన్లో జర్మన్‌లో చదువుతుంది. అంకుల్ విని, ఇంగ్లీషు చేసి టేపురికార్డర్‌లో చెప్పుకుంటాడు. ఆ టేపులు పోస్టులో వెల్లింగ్టన్ వెళ్ళి, టైపు కాగితాలై తిరిగొస్తాయి. సాయంత్రం నేను పక్క సర్దుతుంటే నాకు వినిపిస్తాడు. విషం తాగే సీనుని ఆయన ఒకరోజు గొంతెత్తి చెప్పాడు. నాకు ఒళ్ళు తెలియలేదు, "వన్స్‌మోర్!" అని అరిచాను.

ఆయన ఆగిపోయాడు. "అంటే?"

మా నాన్నగారు పాలకొల్లు దగ్గర బడిపంతులు. తీర్థాల్లో పద్యనాటకాలు ఆడితే సైడుకర్టెన్ వెనక కూర్చుని ప్రాంప్టింగ్ చెప్పేవారు. చర్చి పెద్దలు గొణిగినా మానలేదు. మా వైపు పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అంటారు. యుద్ధంలో చచ్చిపడిన మనిషైనా సరే, లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోవాల్సిందే. ఇదంతా చెప్పాను. అంకుల్ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. తరవాత నవ్వాపి, "మా బారన్‌ని ఇంకోసారి అని అడిగిన మొదటి ప్రేక్షకురాలివి నువ్వే," అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఆ ఆదివారమే చెల్లెలికి ఫోన్లో ఈ సంగతి చెబితే, ఆవిడ కూడా అటునుంచి "వన్స్‌మోర్" అని అరిచింది. నాకు స్పష్టంగా వినపడింది.

హెల్గా ఇంకా ఆఖరి రంగం దాకా రాలేదు, అందుకని తలుపు తట్టిందెవరన్న దాని మీద మా ముగ్గురికీ పందెం. దొర మోసం చేసిన తమ్ముడే అని అంకుల్. గాలి, ఎవరూ రారు అని హెల్గా. నేను మాత్రం, మా నాటకాల్లో అయితే ఖాయంగా తల్లి వస్తుందన్నాను.

జూన్‌లో అంకుల్‌కి న్యుమోనియా వచ్చింది. ఆ వారమే వెల్లింగ్టన్ నుంచి హెల్గా కూతురు మార్గరెట్ ఫోన్ చేసింది. ఫోన్లన్నీ డెస్కుకే వస్తాయి. మధ్యాహ్నం షిఫ్ట్ నాది, నేనే ఎత్తాను. "అమ్మ ఆస్పత్రిలో ఉంది. గుండె. ఎక్కువ రోజులు లేవంటున్నారు. ఆఖరి రంగం పూర్తిగా చదివేసిందట, నాక్కూడా చెప్పకుండా ముందు మామయ్యకే వినిపిస్తానంటోంది. ఫోన్ ఇస్తావా?" అంది.

నేను ఇవ్వలేదు. జ్వరంతో ఊపిరాడక ఉన్న మనిషికి చెల్లెలు చావుబతుకుల్లో ఉందని ఎలా చెబుతారు? మా ఇళ్ళల్లో చెప్పరు. మా నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా పెదనాన్న పోతే, డిశ్చార్జి అయ్యేదాకా ఇంటిల్లిపాదీ దాచాం. విని ఆయనే "మంచి పని చేశారు" అన్నారు. ఆ లెక్కే నాకు తెలుసు. "ఆయన పడుకున్నారు, నేను చెబుతాను, ఆయనే చేస్తారు," అన్నాను. షిఫ్టు మారేటప్పుడు సంగతులు రాసే హ్యాండోవర్ పుస్తకంలో రాయలేదు. మర్నాడూ చేసింది, ఆ మర్నాడూ చేసింది. అదే మాట చెప్పాను. అంకుల్ అడిగితే, "హెల్గా ఆంటీకి గొంతు పట్టేసిందట, వచ్చే ఆదివారం చేస్తారట," అని అబద్ధమాడాను. జ్వరం తగ్గగానే చెబుదామనే అనుకున్నాను. నాలుగో రోజు రాత్రికి జ్వరం తగ్గింది. అయిదో రోజు పొద్దున హెల్గా పోయింది.

ఆయనకి నేనే చెప్పాను, దాచకుండా అంతా చెప్పాను. ఆయన దుప్పటి మీద వేళ్ళతో రోజులు లెక్కపెట్టుకున్నాడు. లెక్క ఆపి, "నువ్వు మంచిదానివి రూత్. అదే వచ్చిన చిక్కు," అన్నాడు.  ఆ తరవాత ఎప్పుడూ నాకు నాటకం వినిపించలేదు. మార్గరెట్‌కి ఫోన్ చేసి, "నాకు ఒంట్లో బాగాలేక మాట్లాడలేకపోయాను," అని మాత్రం అన్నాడు. నా పేరు ఎత్తలేదు. సెప్టెంబర్‌లో నిద్రలోనే వెళ్ళిపోయాడు. పెట్టె మీద మార్గరెట్ అడ్రసు, లోపల ఈ దారి రాసిన కాగితం ఉన్నాయి.

అంటే ఏమైందో చూడండి. చావుబతుకుల్లో ఉన్న చెల్లెలు మూడుసార్లు పిలిస్తే అన్న పలకలేదని ఆ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. ఆ మాట దిద్దాల్సింది నేను ఒక్కదాన్నే. అందుకని బయల్దేరాను. పెట్టె తెచ్చిస్తానని మార్గరెట్‌కి ఫోన్ చేసి చెప్పాను, కాని పెట్టె ఒక వంక.

ఏడుంబావుకి క్రైస్ట్‌చర్చ్. భూకంపం వచ్చి మూడేళ్ళు దాటినా ఊరి నడిబొడ్డున ఇంకా ఖాళీ స్థలాలూ, నారింజ రంగు కోన్లూ, కంటైనర్లలో దుకాణాలూ. రాత్రి బస సుజాత ఇంట్లో. సుజాతా నేనూ ఇన్వర్‌కార్గిల్ పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. తనది వరంగల్. ఇప్పుడు ఊరు తిరిగి కట్టే పనుల్లో ఆఫీసు ఉద్యోగం చేస్తోంది. పప్పుచారు, కోడికూర వండి పెట్టి, అంతా విని, గరిటె అక్కడ పెట్టేసింది.

"నీకేమన్న పిచ్చా రూతక్కా? పోయినోళ్ళు మల్ల వస్తరా? పెట్టె ఇచ్చి, చాయ్ తాగి, సక్కగ ఇంటికి రా. కొరివితోని తల గోక్కుంటవా?"

"ఆయన నా కోసం మాట పడ్డాడే."

"పడనీ. ఆయనే కావాలని పడ్డడు గదా."

దాని మాటలో న్యాయం లేకపోలేదు. పడుకునేసరికి నాకు కూడా అదే నయమనిపించింది.

శుక్రవారం ఉదయం ఏడింటికి రైలు. సుజాత వాళ్ళాయన ఆరున్నరకి దింపాడు. ఉత్తరానికి వెళ్ళేటప్పుడు కుడివైపు సీటు అడగండి, సముద్రం అటే వస్తుంది. రెండు గంటల తరవాత కొండలు దాటి రైలు ఒక్కసారిగా నీళ్ళ పక్కకి వస్తుంది. రాళ్ళ మీద సీల్ జంతువులు మధ్యాహ్నం పెళ్ళివారిలా పడుకుని ఉంటాయి. అంకుల్ కాగితంలో ఆ చోట, "ఇక్కడ రూత్‌ని నిద్ర లేపాలి," అని రాసి ఉంది. నన్ను తోడు తీసుకెళ్దామనుకున్నాడు. నేను నిద్రపోలేదు. ఏడుస్తూ చూశాను.

పన్నెండుంబావుకి పిక్టన్. రెండుంబావుకి ఫెర్రీ. టికెట్టు ముందే తీసుకోవాలి, అప్పటికప్పుడు దొరకదు. మొదటి గంటన్నర కొండల మధ్య సన్నని నీళ్ళల్లో హాయిగా వెళ్తుంది. జలసంధిలో పడ్డాక ఓడ ఊగిపోతుంది, పులిహోర తిన్నవాళ్ళకి మంచిది కాదు. అయిదున్నరకి వెల్లింగ్టన్. దిగగానే గాలి నా చున్నీని లాక్కుపోయింది. రేవు దగ్గర పొడుగాటి మనిషి ఒకావిడ దాన్ని పట్టుకుని తెచ్చిచ్చింది. "రూత్? నేను మార్గరెట్," అంది.

ఇల్లు కొండ మీద. అట్టపెట్టె మోసుకుంటూ ఎనభై మెట్లు ఎక్కాం. ఆవిడ బళ్ళో టీచరు, ఒక్కతే ఉంటుంది. బంగాళదుంపల పులుసు పెట్టింది. నన్ను చాలా బాగా చూసింది. అదే వచ్చిన బాధ.

"మామయ్యకి చివరిదాకా నువ్వే చేశావట. మాకు చేతకాలేదు. అమ్మ చివరి నాలుగు రోజులూ ఒకటే అడిగింది, కాన్రాడ్ ఫోన్ చేశాడా అని. మా వంశంలో మగాళ్ళంతా ఇంతే, బారన్ రక్తం. ముందు పలకరిస్తే పరువు పోతుంది."

చెప్పాల్సిన క్షణం అదే.  "పులుసు చాలా బాగుంది," అన్నాను. ఆ రాత్రి నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

శనివారం రెండింటికి అన్నాచెల్లెళ్ళ జ్ఞాపకంగా చర్చి హాల్లో ఆ ఆఖరి నాటకం చదివారు. వేషాలు లేవు. హెల్గా ఉండే నాటకాల బృందంవాళ్ళే కుర్చీల్లో కూర్చుని కాగితాలు చూసి చదివారు. వినడానికి వచ్చినవాళ్ళం పాతికమంది ఉంటాం. ముసలి దొరగా చదివినాయన బస్సు డ్రైవరట, ఎంత బాగా చదివాడో. పన్నెండు ఖాళీ కుర్చీలు నిజంగానే వేశారు. నేను వెనక వరసలో కూర్చుని ఆయనతో పాటు పెదాలు కదుపుతూనే ఉన్నాను. ప్రాంప్టర్ కూతుర్ని కదా. ప్రతి మాటా అంకుల్ గొంతుతో నాకు వచ్చు.

చివర ఎవరో బల్ల మీద మూడుసార్లు కొట్టారు. "ఎవరది?" అన్నాడు దొర. మార్గరెట్ లేచి, "ఇంకొక రంగం ఉంది. అది చదవగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు," అంది. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. వన్స్‌మోర్ అనడానికి నాకు నోరు పెగల్లేదు.

అందరూ టీలు తాగి వెళ్ళాక, వంటగదిలో నేను కప్పులు కడుగుతుంటే మార్గరెట్ తుడుస్తోంది. కడుగుతున్న కప్పు వంకే చూస్తూ చెప్పేశాను. ఫోన్ ఎత్తింది నేను, ఆయనకి చెప్పనిది నేను, గొంతు పట్టేసిందని అబద్ధమాడింది నేను, మీ మామయ్యకి ఏమీ తెలియదు అని.

ఆవిడ తుడుస్తున్న కప్పునే ఇంకా ఇంకా తుడిచింది.

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ నేనే."

"ఎందుకు?"

"ఆయనకి ఏమన్నా అవుతుందని భయం. మా దగ్గర జబ్బు మనిషికి అలాంటివి చెప్పరు."

"చెప్పాలో లేదో అనుకోవాల్సింది ఆయన. నువ్వు కాదు."

"అవును," అన్నాను. 

ఆవిడ గుడ్డ అక్కడ పడేసి బయటికి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే కార్ల మధ్య గాలిలో అటూ ఇటూ తిరుగుతోంది. పావుగంటకి వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మా అమ్మ బాధపడుతూ పోయింది. ఆ బాధ తీయడానికి ఇప్పుడు నేనేం చెయ్యను? నిన్ను తిట్టినా తీరదు. కారెక్కు," అంది.  నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆవిడ ఇవ్వాల్సొస్తుందని.

ఆదివారం తొమ్మిదింటికి ఫెర్రీ. ఏడింటికి నేను బ్యాగు సర్దుకుని, గుండె రాయి చేసుకుని, ఆ ఆఖరి రంగం కాపీ ఒకటి ఇస్తారా అని అడిగాను.

"ఏం చేసుకుంటావు? మా స్కూల్లో జర్మన్ టీచర్‌కే రాలేదు. అది వాళ్ళ అవ్వల కాలం రాత అంది."

"ఏం చేయాలో నాకూ తెలియదు. ఊరికే వెళ్ళలేను."

రెండు కాగితాలు తెచ్చి చేతిలో పెట్టింది. రేవు దగ్గర దింపి, కారు దిగకుండానే, "మామయ్య ఫోన్ చేయలేదని నాలుగు నెలలు తిట్టుకున్నాను. అది ఇవాళ్టితో పోయింది. దానికి థ్యాంక్స్," అంది. మొహం మాత్రం నావైపు తిప్పలేదు.

పన్నెండుంబావుకి పిక్టన్, ఒంటిగంటకి రైలు. తిరిగి వచ్చేటప్పుడు ఎడమవైపు సీటు. కాగితాలు తీసి చూశాను. నిట్టనిలువు గీతలు, ముళ్ళకంచెలాగా. అవ్వల కాలం రాత అన్న మాట నాకు అప్పుడు తట్టింది. అయితే అవ్వలనే అడగాలి. మా బోగీలో సగం మంది మెడలో ఒకే రకం బ్యాడ్జీలు వేసుకున్న పెద్దవాళ్ళు, జర్మనీ నుంచి వచ్చిన టూరిస్టులు. రెస్ట్‌హోమ్‌లో పనిచేసేదాన్ని, ముసలివాళ్ళని పలకరించడానికి నాకు మొహమాటమేమిటి? వరసగా ఒక్కో సీటు దగ్గరా వంగి, ఈ రాత వచ్చా అని అడిగాను. అయిదుగురు తల అడ్డంగా ఊపారు. ఆరో సీటులో ఎనభై దాటిన ఒకావిడ, మెడలో తాడుకి భూతద్దం. కాగితం చూడగానే కిలకిలా నవ్వింది. వాళ్ళాయన ఇంగ్లీషులో చెప్పాడు, "వాళ్ళ అవ్వ వంటల పుస్తకం ఇలాగే ఉండేదట."

ఆవిడ భూతద్దం పెట్టి ఒక్కో మాటా చదివింది. ఆయన తడుముకుంటూ ఇంగ్లీషు చేశాడు. నేను నడవలో మోకాళ్ళ మీద కూర్చుని, అంకుల్ దారి రాసిన కాగితం వెనక రాసుకున్నాను. కంగారులో తెలుగులోనే రాశాను. బారన్ ఆఖరి రంగం ఇంగ్లీషు కంటే ముందు తెలుగులోకి వచ్చింది. వింటే అంకుల్ ఎంత నవ్వేవాడో.

తలుపు తట్టింది తమ్ముడు కాదు, గాలి కాదు, తల్లి కాదు. వంటమనిషి. శాలువా మీద మంచుతో వీధిగుమ్మం లోంచి లోపలికి వస్తుంది.

"అందరూ వచ్చారయ్యా," అంటుంది. "పొద్దు ఉండగానే వచ్చారు. మెట్ల కింద మంచులో నిలబడి, ముందు నువ్వు తట్టంటే నువ్వు తట్టని వంతులు పోతున్నారు."

"తలుపు గడియ వేసి లేదే!" అంటాడు దొర.

"ఆ సంగతి వాళ్ళకి ఎవరు చెప్పారు?"

దొర తలుపు వైపు నడుస్తాడు. తెర.

రాయడం అయ్యాక కాగితం మడిచి పెట్టుకున్నాను. జర్మన్ ఆవిడ నా తల మీద చెయ్యి వేసి ఏదో అంది. వాళ్ళాయన దాన్ని ఇంగ్లీషు చేయలేదు.

ఆ కొండల దగ్గర ఫోన్ పలకదు. గంటసేపు ఫోన్ చేత్తో పట్టుకునే కూర్చున్నాను. కైకోరాలో రైలు ఆగగానే ప్లాట్‌ఫామ్ మీదికి దిగి మార్గరెట్‌కి కొట్టాను. ఎత్తదేమో అనుకున్నాను. ఎత్తింది.

"ఆఖరి రంగం దొరికింది. ఇప్పుడే చెప్పాలి. చెప్పనా?" అన్నాను.

"చెప్పు."

తెలుగు కాగితం చూసి, వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.  గార్డు విజిల్ వేశాడు. నేను ఒక కాలు మెట్టు మీద పెట్టి నిలబడ్డాను.

"వన్స్‌మోర్," అంది మార్గరెట్. మా పాలకొల్లు మాట ఆవిడకి వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది.

కదులుతున్న రైల్లోకి ఎక్కి, ఫోన్ కట్ అయ్యేదాకా మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆరుంబావు దాటాక క్రైస్ట్‌చర్చ్, సుజాత ఇంట్లో బస, సోమవారం పొద్దున బస్సు, సాయంత్రానికి ఇన్వర్‌కార్గిల్. మంగళవారం నుంచి మళ్ళీ మధ్యాహ్నం షిఫ్ట్. కంప్లైంట్ రాలేదు. వస్తే బాగుండునని కూడా ఒక్కోసారి అనిపించింది. ఈ దేశంలో ఇంత అందమైన దారి ఇంకొకటి లేదని చూసినవాళ్ళంతా అంటారు, నేనూ కాదనను. కాని కైకోరా స్టేషన్ గడియారమే నాకు కళ్ళల్లో ఉండిపోయింది. ఆదివారం, మూడున్నర. అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకునే వేళ.